మైకులో చెప్పే మాట కాదు

మా చర్చి హాలుకి ఏభై ఏళ్ళు నిండాయని ఈమధ్య ఒక ప్రత్యేక సంచిక వేశారు. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. అందులో గుండీలక్క మీద అరపేజీ ఉంది. "దారి తప్పిన ఒక తల్లిని మన సంగీత నాటకం తిరిగి ఇంటికి చేర్చింది" అని మొదలవుతుంది. ఆమెను ఇంటికి చేర్చింది నాటకం కాదు. ఇంటికి వచ్చిన చాలాకాలానికి గానీ ఆమె ఈ హాలు గుమ్మం ఎక్కలేదు. ఇక 'మన' అంటారా, ఆ రోజుల్లో ఆమెను మన మనిషి అనుకున్నవాళ్ళు ఇక్కడ ఒక్కరంటే ఒక్కరే.

ఆ అరపేజీ చదివితే ఒళ్ళు మండింది. రాయడం నా పని కాదు. ఆ హాల్లో నేను చెక్కపని చేస్తాను. రంగస్థలం మీద కనబడే ఇళ్ళు, మెట్లు, తలుపులు నేను కట్టినవే. తెర తాడు కూడా నేనే లాగుతాను. ఆమె పక్క గదిలోనే ఇన్నాళ్ళూ పనిచేశాను కాబట్టి చూసింది చూసినట్టు రాస్తున్నాను. అచ్చుకి ఇచ్చే ముందు ఇది ఆమెకూ, ఆమె భర్తకూ, కూతురికీ చదివి వినిపించాను. ఆమె రెండు చోట్ల కొట్టేయించింది. కూతురు ఒక చోట కలిపించింది. సంచిక వేసినవాళ్ళు ఆ పాటి మర్యాద కూడా చూపించలేదు.

గుండీలక్కకి ఆ పేరు ఎందుకొచ్చిందో ఆమె గదిలో అడుగుపెడితే తెలుస్తుంది. గోడ పొడుగునా సీసాల్లో గుండీలు, రంగువారీగా, సైజువారీగా. ఎదురుగా ఇనప కమ్మీకి వేలాడే గౌన్లు, కోట్లు, టోపీలు. మధ్యలో కాలితో తొక్కే కుట్టుమిషను. గది మొత్తం ఇస్త్రీ ఆవిరి, కర్పూరం బిళ్ళల వాసన. ఆమె మణికట్టుకి సూదులు గుచ్చుకునే చిన్న దిండు ఎప్పుడూ కట్టుకునే ఉంటుంది. మాట్లాడేటప్పుడు పంటి కింద రెండు గుండుసూదులు ఉంటాయి, అయినా మాట స్పష్టంగానే వినిపిస్తుంది. నాటకంలో తండ్రి వేషం వేసే పెద్దాయన ఏటా కొంచెం లావెక్కి వస్తాడు. గుక్కపట్టి పాడేసరికి పొట్ట మీద గుండీ ఎగిరిపోయేది. "ఊపిరి కాస్త పొదుపుగా పీల్చండి బాబాయిగారూ, పాట మీది గానీ గుండీ నాది," అనేది ఆయన్ని నిలబెట్టి కుడుతూ.

పిల్లల బట్టల దగ్గర ఆమెకు ఒక పద్ధతి ఉంది. గుడ్డ కత్తిరించదు. చిన్న పిల్లకి పెద్ద గౌను ఇవ్వాల్సి వస్తే మిగిలిన గుడ్డంతా లోపలికి మడిచి కుడుతుంది. మరుసటేడు పిల్ల పొడుగైతే ఒక మడత విప్పుతుంది. అంచు తిరగేసి చూస్తే పాత కుట్లు గీతలు గీతలుగా కనిపిస్తాయి. సాయానికి వచ్చిన అమ్మాయిలు కత్తెర అందుకుంటే వెంటనే లాక్కునేది. "ఇప్పుడు కత్తిరించి, పిల్ల ఎదిగాక ఏం చేస్తావే? పిల్లని కత్తిరిస్తావా?" అనేది.

నాటకం చూడనివాళ్ళ కోసం దాని సంగతి చెప్పాలి. ప్రతి ఏడాదీ చలి మొదలయ్యాక కొన్ని వారాలపాటు శని, ఆదివారాలు మధ్యాహ్నం పూట ఆడతాం. తాము చిన్నప్పుడు చూసిన ఆటని తాతలు మనవల్ని తెచ్చి చూపిస్తారు. కథలో రొట్టెల బట్టీ నడిపే ఒక తండ్రి, ఐదుగురు పిల్లలు. తల్లి ఒకరోజు కోపంలో ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. పాడుకుంటూ పిండి పిసికే ఆ ఇల్లు మూగబోతుంది. పిల్లలు మాత్రం వంతులవారీగా కిటికీ దగ్గర నిలబడి, రోడ్డున పోయేవాళ్ళకు వినిపించేలా అమ్మ పాట పాడుతుంటారు. ఎవరో ఒకరు విని, ఎక్కడో పాడుకుంటే, అది తిరిగి తిరిగి అమ్మ చెవిన పడకపోతుందా అని వాళ్ళ ఆశ. చివరికి ఒక వాన సాయంత్రం తలుపు చప్పుడవుతుంది. తండ్రి తీస్తాడు. చినిగిన కోటుతో ఆమె. తండ్రి ఒక్క మాట అనడు. వెనక్కి వెళ్ళి ఇంకో పళ్లెం తీసి బల్ల మీద పెడతాడు. అందరికంటే చిన్నపిల్ల అమ్మ పాట అందుకుంటుంది, మిగతావాళ్ళు కలుపుతారు. తల్లి గడప దాటుతుండగా చినిగిన కోటు భుజాల మీది నుంచి జారిపోయి లోపల తెల్లటి గౌను కనిపిస్తుంది.

నాటకం మొత్తంలో క్షమాపణ అన్న మాట ఒక్కసారి కూడా రాదు. దేవుడి పేరు కూడా ఏ ఒకటి రెండు చోట్లో. అయినా ఆ పళ్లెం బల్ల మీద పెట్టిన చప్పుడుకి హాల్లో ముక్కు చీదని మనిషి ఉండడు. రాసినవాళ్ళకి పని తెలుసు. తాము నమ్మింది చేతలో చూపించి ఊరుకున్నారు.

ఆ కోటు జారడం గుండీలక్క పని. వీపు మీద కోటు రెండు ముక్కలుగా ఉంటుంది. రెండిటినీ ఒకే పొడుగు దారంతో వదులుగా కుడుతుంది. దారం కొస తలుపు సందులోంచి వెనక నిలబడ్డ ఆమె చేతిలో ఉంటుంది. సరైన చోట లాగితే కుట్టంతా ఒక్కసారి వదులుతుంది. తొందరపడితే కోటు గడప బయటే పడిపోతుంది, ఆలస్యమైతే తల్లి చినిగిన కోటుతోనే పిల్లల్ని కావలించుకుంటుంది. ప్రతి ఆటకీ ఆ కుట్టు కొత్తగా వెయ్యాలి. కుట్టడం అడిగినవాళ్ళకల్లా నేర్పింది గానీ, కొస మాత్రం ఎవరి చేతికీ ఇవ్వలేదు.

ఇక ఆమె సంగతి. కొడుకు బడిలో చేరిన కొత్తలో, కూతురికి ఇంకా నడక రాని రోజుల్లో ఆమె ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. ఎందుకో నేను రాయను. నాకు తెలుసు, కానీ అది ఆమె చెప్పుకోవలసిన మాట. మూడేళ్ళ తర్వాత తిరిగి వచ్చింది. ఆమె నన్ను అన్నయ్యా అంటుంది కాబట్టి ఆమె భర్త నాకు బావ. బస్సు డిపోలో మెకానిక్కు. మనిషి మాట పొదుపు. ఆమె తిరిగొచ్చిన రోజు గురించి నాకు ఒకే ఒక్కసారి చెప్పాడు. వంటింట్లో సింకు కింద వెల్లకిలా పడుకుని, కారుతున్న పైపు బిగిస్తున్నాడట. గుమ్మంలో నీడ పడింది. తల తిప్పి చూశాడు.

"ఆ టార్చి కాస్త ఇటు పట్టుకో," అన్నాడట.

ఆమె సంచి కింద పెట్టి టార్చి పట్టుకుంది. పైపు బిగిసేదాకా అలాగే పట్టుకుంది.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎన్ని ఏడుపులు, ఎన్ని గొడవలు జరిగాయో మనకు అనవసరం. జరిగే ఉంటాయి. కొడుకు చాలాకాలం ఆమె వడ్డిస్తే తినేవాడు కాదు. కూతురికి మాత్రం ఏమీ తెలియదు కాబట్టి కొత్త మనిషి దగ్గరికి వెళ్ళినట్టు వెళ్ళి, కొన్నాళ్ళకి అమ్మా అనడం మొదలుపెట్టింది. అమ్మ పనిమీద వేరే ఊళ్ళో ఉండేదని ఆ పిల్లకి చెప్పారు. అర్థం చేసుకునే వయసు వచ్చాక అసలు సంగతి తానే కూర్చోబెట్టి చెప్పాలని గుండీలక్క నిర్ణయం. బావ సరే అన్నాడు. కొడుకు చేత కూడా ఒట్టు వేయించుకున్నారు.

చర్చిలో ఆమె కూర్చున్న బెంచీలో పక్క చోటు ఎప్పుడూ ఖాళీగా మిగిలిపోయేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు, అటు కూర్చునేవారూ కాదు. అప్పట్లో నాటకం నడిపే పియానో టీచరమ్మ ఒకరోజు ఆ చోటులో కూర్చుని గుండీలు కుట్టడం వచ్చా అని అడిగింది. వచ్చంది ఈమె. అయితే నా వెంట రా అని బట్టల గది తాళం చేతిలో పెట్టింది. నేను ఒక్కరంటే ఒక్కరే అన్నది ఆ టీచరమ్మ గురించే.

టీచరమ్మ పోయాక వచ్చిన దర్శకుణ్ణి మేం మైకు సారు అంటాం. మంచి గొంతు, మంచి బట్టలు, మంచి మాటలు. మాటలు మరీ మంచివి. రిహార్సలు మొదలెట్టే ముందు అర్థాలు విప్పి చెప్పడానికే సగం పూట పట్టేది. నేను మెట్టుకి మేకు కొడుతుంటే ఆపి, మేకు గురించి కూడా పిల్లలకి ఒక సందేశం ఇచ్చాడు. నేను సుత్తి పట్టుకుని నిలబడి వినాల్సొచ్చింది. మేకు సగంలో ఉంది.

ఆయనకి చివరి రంగం నచ్చలేదు. తండ్రి ఒక్క మాటైనా అనకుండా పళ్లెం పెట్టడమేమిటి, తల్లి మోకాళ్ళ మీద పడి తన తప్పు ఒప్పుకోకపోతే చూసేవాళ్ళకి ఏం అందుతుంది అన్నాడు. నాటకంలో మాటలు మార్చడానికి వీల్లేదని పాటల బృందం అడ్డం తిరిగితే ఊరుకున్నాడు. ఊరుకున్నాడు అనుకున్నాం.

ఆ ఏడు చిన్నపిల్ల వేషం గుండీలక్క కూతురికి వచ్చింది. పదేళ్ళది, వయసుకి చిన్నగా ఉంటుంది. పిచ్చుక అని పిలుస్తాం. గొంతు మాత్రం పిచ్చుకది కాదు, మైకు లేకుండా చివరి వరసకి వినిపిస్తుంది. ఎవరి పిల్ల అని మైకు సారు ఆరా తీశాడు. పాటల బృందంలో పాత కథలు మోసేవాళ్ళకి కొదవా. మొత్తం చెప్పేశారు. ఆయన ముఖం వెలిగిపోయింది. నేను చూశాను. ఒక మనిషి బతుకులోని బరువైన సంగతి వింటే ముఖం అలా వెలగకూడదు.

రిహార్సలు విరామంలో ఆమెను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. నేను మెట్ల కింద ఉన్నాను.

"దేవుడు మీ జీవితంలో చేసింది చిన్న పని కాదమ్మా," అన్నాడు. "ఆట అయ్యాక రెండు ముక్కలు మైకులో చెప్పండి. అక్కడ బిడ్డ పాట, ఇక్కడ తల్లి సాక్ష్యం. జనం జన్మలో మర్చిపోరు."

"జనం మర్చిపోకపోతే నాకేం ఒరుగుతుంది సార్?"

"మీ కోసం కాదు. ఎన్ని ఇళ్ళల్లో ఎంతమంది దారి తప్పి ఉన్నారో. వాళ్ళకి ఆశ కలుగుతుంది."

అప్పుడు గుండీలక్క అమాయకంగా నిజం చెప్పేసింది. "నా పిల్లకి తెలియదు సార్. చెప్పాల్సిన రోజున నేనే చెప్పుకుంటాను. మీరు ఆ ఊసు ఎత్తకండి."

అది వింటే ఎవరైనా ఆగిపోతారు. ఆయన ఆగలేదు. దాచుకున్నది లోపల కుళ్ళుతుందని, వెలుగులోకి తెస్తేనే విడుదల అని చెప్పుకుపోయాడు. ఆమె లేచి నిలబడింది.

"కోటు లోపలి కుట్లు నలుగురికీ చూపించాలని మీరు తిరగేసి తొడుక్కుంటారా సార్?" అని తన గదిలోకి వెళ్ళిపోయింది.

తర్వాత పాస్టరుగారి చేత చెప్పించాడు. పాస్టరుగారు మంచివాడే, ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాట ఆయనకి సరైనదనిపిస్తుంది. బలవంతం లేదమ్మా, ఆలోచించు, బలవంతం మాత్రం లేదు అని అదేపనిగా చెప్పాడట. లేనిదాన్ని అన్నిసార్లు చెప్పాల్సిన అవసరం ఏమొచ్చింది? గుండీలక్క ఆలోచించానండీ, వద్దు అంది. ఆ తర్వాత మైకు సారు ఆ విషయం ఎత్తలేదు.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటి ఉంది. తప్పిపోయిన కొడుకు ఇంటికొచ్చిన కథ ఆ చర్చిలో చిన్నపిల్లలకి కూడా వచ్చు. అందులో తండ్రి కొడుకు ఒప్పుకోలు పూర్తిగా వినిపించుకోను కూడా లేదు. వాడి ఒంటి మీదికి మంచి బట్ట తెమ్మన్నాడు. ఊరందర్నీ పోగుచేసి ముందు వీడి చేత చెప్పించండి అనలేదు. పీఠం ఎక్కి ఏటా ఆ కథ చెప్పేవాళ్ళకి, వినేవాళ్ళకి ఈ ఒక్క ముక్క ఎలా తప్పిపోయిందో నాకు తెలియదు.

మొదటి ఆట రోజు హాలు నిండిపోయింది. బావ, కొడుకు నాలుగో వరసలో కూర్చున్నారు. విరామానికి ముందు లైట్లు చూసే కుర్రాడు నా దగ్గరికి వచ్చి, ఆట అయ్యాక తలుపు మీద పెద్ద లైటు వెయ్యాలట కదా, ఎంతసేపు ఉంచాలి అని అడిగాడు. ఎందుకన్నాను. మైకు సారు చెప్పాడట. గుండీలక్కని తలుపు వెనకనుంచి పిలుస్తాడట, ఆమె మాట్లాడకపోతే తానే ఆమె కథ చెబుతాడట.

విరామానికి తెర దించి, సరాసరి బట్టల గదికి వెళ్ళి చెప్పాను. ఆమె రెండో భాగం కోసం కోటు వీపు కుడుతోంది. చెయ్యి ఆగింది. పంటి కింది సూదులు తీసి దిండుకి గుచ్చింది.

"పిల్లని తీసుకుని ఇప్పుడే వెళ్ళిపో," అన్నాను. "బావ హాల్లోనే ఉన్నాడు. దారం సంగతి నేను చూసుకుంటాను. ఆట పోతే పోనీ."

ఆమె నా వైపు చూసింది. "వెళ్ళిపోవడమా? ఆ పని ఒకసారి చేశాను అన్నయ్యా."

కుట్టు పూర్తి చేసింది. ముడి వేసి, కోటు వంకీకి తగిలించింది. తర్వాత పిచ్చుకని పిలవమంది, నన్ను గుమ్మంలో నిలబడి ఎవరినీ రానివ్వొద్దంది. అందువల్ల నేను విన్నాను.

పిచ్చుకని బట్టల పెట్టె మీద కూర్చోబెట్టి, గౌను చేతి అంచు వదులైన చోట కుట్టడం మొదలుపెట్టింది. కుడుతూనే చెప్పింది. "అమ్మ పనిమీద వేరే ఊళ్ళో ఉండేదని నీకు చెప్పాం కదా. అది నిజం కాదు. నేను మిమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయాను. నీకు అప్పటికి నడక రాలేదు. మూడేళ్ళు నాన్నే పెంచాడు. తర్వాత తిరిగొచ్చాను. నువ్వు ఇంకాస్త పెద్దయ్యాక తీరిగ్గా చెబుదామనుకున్నాను. ఇవాళ ఆట అయ్యాక సారు మైకులో చెబుతాడట. వేరేవాళ్ళ నోట నువ్వు వినకూడదని చెబుతున్నాను."

"నాటకంలో అమ్మలాగానా?" అంది పిల్ల.

"నాటకంలో అమ్మ మంచిది. కోపంలో వెళ్ళింది. నేను ఆలోచించుకునే వెళ్ళాను."

అబద్ధం చెప్పడానికి అంత తేలికైన దారి ఎదురుగా ఉన్నా ఆమె తీసుకోలేదు.

"అన్నయ్యకి తెలుసా?"

"తెలుసు."

"వీళ్ళందరికీ తెలుసా?"

"చాలామందికి తెలుసు."

"నాకొక్కదానికే తెలీదన్నమాట." పిల్ల చెయ్యి లాక్కోబోయింది. "నన్ను ముట్టుకోకు."

"దారం తెంపనీ. సూది దానికే ఉంది."

పిచ్చుక చెయ్యి కర్రలా బిగించి అలాగే ఉంచింది. గుండీలక్క దారం తెంపింది. పిల్ల పెట్టె మీది నుంచి దిగి, తల్లి వైపు చూడకుండా నన్ను తోసుకుని వెళ్ళిపోయింది. గంట మోగింది.

చివరి రంగం దాకా ఏమవుతుందోనని నా చేతుల్లో తాడు తడిసిపోయింది. వాన చప్పుడు, తలుపు చప్పుడు. తండ్రి తలుపు తీశాడు, పళ్లెం పెట్టాడు. పియానో మీద పాట ఎత్తుగడ వాయించారు. పిచ్చుక నోరు తెరవలేదు. మళ్ళీ వాయించారు. గడప బయట తల్లి వేషగత్తె చినిగిన కోటుతో నిలబడే ఉంది. పిచ్చుక ఆమె వైపు చూడటం లేదు. ఆమె పక్కన, తలుపు సందు వైపు చూస్తోంది. అక్కడ దారం కొస పట్టుకుని ఉన్నది ఎవరో ఆ పిల్లకి తెలుసు.

మూడోసారి వాయించినప్పుడు అందుకుంది. ఆ పాట తీపిగా పాడినవాళ్ళనే నేను ఇన్నేళ్ళూ విన్నాను. ఆ మధ్యాహ్నం పిచ్చుక కోపంగా పాడింది. ప్రతి మాటా పళ్ళ బిగువున, చేతులు పిడికిళ్ళు చేసి, కన్నీళ్ళు తుడుచుకోకుండా, రాగం మాత్రం ఎక్కడా తప్పకుండా పాడింది. మిగతా పిల్లలు బెదిరిపోయి ఒక క్షణం ఆలస్యంగా కలిపారు. తలుపు తెరిచినవాళ్ళకి కోపం ఉండదని నాటకం చెప్పదు. మనమే అలా వినడం అలవాటు చేసుకున్నాం. కోటు సరిగ్గా గడప మీద జారింది.

చప్పట్లు ఆగకముందే మైకు సారు ముందుకొచ్చాడు. తెర దించుదామంటే సరిగ్గా తెర పడే చోటే నిలబడ్డాడు. తలుపు మీద లైటు పడింది. ఈ నాటకం నాటకం కాదని, దీని వెనక ఒక నిజమైన కథ ఉందని, ఆ తల్లి ఇక్కడే ఉందని చెప్పి గుండీలక్కని పేరు పెట్టి పిలిచాడు. ఆమె లైటుకి కళ్ళు చికిలిస్తూ బయటికి వచ్చింది. మణికట్టుకి సూదుల దిండు అలాగే ఉంది. మైకు చేతికిచ్చాడు. హాలంతా సద్దుమణిగింది.

"ఆడిన పిల్లలందరికీ చెబుతున్నాను," అంది. "కోట్లు నేల మీద పడేసి పోకండి. కొక్కేలకి తగిలించండి. రేపు మళ్ళీ ఆట ఉంది."

మైకు తిరిగిచ్చేసింది. జనం నవ్వారు. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే, ఎంత వినయమో చూశారా అన్నాడు, ఆమె చెప్పుకోలేదు కాబట్టి ఆమె తరఫున తాను చెబుతానన్నాడు. చెప్పాడు. ఈ తల్లి ఒకప్పుడు, ఇదిగో ఈ చిన్నారినే, నడక రాని పసికందుని వదిలేసి వెళ్ళిపోయిందని చెబుతూ పిచ్చుక వైపు చెయ్యి చూపించాడు. అక్కడ కొంచెం ఆగాడు. జనం నిట్టూర్చడానికి చోటు వదిలాడు.

ఆ ఖాళీలో పిచ్చుక, వరసలో తన చోటు కదలకుండా, "మాకు తెలుసు సార్. మా అమ్మ చెప్పింది," అంది.

మైకు లేకుండానే చివరి వరసకి వినిపించింది. ముందే తెలిసినవాళ్ళకి చెప్పడానికి మైకు సారు దగ్గర ఏమీ సిద్ధంగా లేదు. హాల్లో ఎవరో తల దించుకున్నారు, తర్వాత చాలామంది దించుకున్నారు. ఆ బెంచీలో చోటు ఖాళీగా ఉంచినవాళ్ళు కూడా వాళ్ళల్లో ఉన్నారు.

బావ నాలుగో వరసలోంచి లేచి నెమ్మదిగా మెట్ల దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో, ఆపాలని నేను తాడు వదిలేశాను. ఆయన మైకు సారు ముందు నిలబడ్డాడు.

"మీరు కాస్త పక్కకి జరిగితే పిల్ల దిగుతుంది," అన్నాడు.

ఆయన జరిగాడు.

ఆ సాయంత్రమే పాస్టరుగారు వాళ్ళింటికి వెళ్ళి చేతులు పట్టుకుని క్షమించమని అడిగారట. మైకు సారు మాత్రం రాలేదు. జనం మనసులు కదిలిపోయాయని, కొందరు ఏడ్చారని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. ఇప్పటికీ దర్శకుడు ఆయనే. సంచికలో ఆ అరపేజీ రాసిందీ ఆయనే. పిల్ల అన్న మాట అందులో లేదు.

ఈ హాలు మొహం చూడొద్దని నేను గుండీలక్కతో గట్టిగా చెప్పాను. "ఆయన చేసిందానికి కోట్లేం చేశాయి అన్నయ్యా?" అంది. మర్నాడు యథాప్రకారం వచ్చి కొత్త కుట్టు వేసింది. గది గుమ్మం లోపలికి మైకు సారు కాలు పెట్టకూడదని మాత్రం పాస్టరుగారికి చెప్పింది. ఆ మాట ఇప్పటికీ చెల్లుతోంది.

పిచ్చుక కూడా అన్ని ఆటలకీ వచ్చింది, పాడింది. తల్లితో మాట్లాడటం మాత్రం మానేసింది. అన్నం దగ్గర కూడా, "నాన్నా, అమ్మని మంచినీళ్ళు ఇమ్మను," అనేదట, ఎదురుగా అమ్మ ఉండగానే. బావ ఆ మాట అందించేవాడట. అమ్మ ఇచ్చేది. ఆ నీళ్ళు పిల్ల తాగేది. అదొక్కటే తనకి ధైర్యం ఇచ్చిందని గుండీలక్క నాతో అంది.

చివరి ఆదివారం ఆట అయ్యాక, ఉతకాల్సిన బట్టలన్నీ నా తోపుడు బండి మీద వేసుకుని వాళ్ళింటికి బయల్దేరాం. ఇంకా ఎండ ఉంది. బావ డ్యూటీకి వెళ్ళాడు. తల్లీ కూతుళ్ళు బండి పక్కన చెరోవైపు నడుస్తున్నారు. వీధి మలుపు తిరిగాక, పిచ్చుక బట్టల గుట్ట మీదుగా అడిగింది.

"అక్కడ నీకు నేను గుర్తొచ్చేదాన్నా?"

"వచ్చేదానివి."

"మరి రాలేదేం?"

"వస్తే తలుపు తీయరేమోనని," అంది గుండీలక్క.

"నాన్న తీసేవాడు."

"అది నాకు అప్పుడు తెలియలేదు."

"అది కూడా తెలియలేదా?" పిచ్చుక గొంతులో కోపం ఇంకా ఉంది. కాసేపు నడిచింది. తర్వాత బండి చుట్టూ తిరిగి తల్లి ఉన్న వైపుకి వచ్చింది. చెయ్యి పట్టుకోలేదు, పక్కన నడిచింది. "ఇంకా చాలా అడగాలి నేను," అంది.

"అడుగు," అంది గుండీలక్క.

వాళ్ళిద్దరూ ముందుకు నడిచారు. వాళ్ళ మాటలు నాకు వినబడనంత దూరం అయ్యేదాకా నేను బండి నెమ్మదిగా తోశాను.